దేశాల జాతర, రుద్రమ్మత్త మడి

గత నెల అనంతపురంలో ఇల్లు మారుతూ పాత పెట్టె సర్దుతుంటే ఇంటర్ సర్టిఫికెట్ల కింద నీలం రిబ్బను ఒకటి కనిపించింది. లాగితే చివర ఒక ప్లాస్టిక్ కార్డు వచ్చింది. దాని మీద పందొమ్మిదేళ్ల నా ఫోటో, పక్కన భూగోళం చుట్టూ చేతులు పట్టుకుని ఆడుతున్న మనుషుల బొమ్మ, కింద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ‘దుభాషి’ అన్న మాట. మా అమ్మాయి చూసి ఏమిటిదని అడిగింది. చదువుకునే రోజుల్లో మా ఊరి పక్కన ప్రపంచ దేశాల కళాకారులతో పెద్ద ఉత్సవం జరిగిందనీ, అందులో మాటలు తర్జుమా చేసే పని చేశాననీ చెప్పాను. భలే ఉందే అని తన గదిలోకి వెళ్లిపోయింది. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ విషయంలో నేను మళ్లీ సగమే చెప్పానని తోచి, ఆ సాయంత్రం నుంచి ఇది రాయడం మొదలుపెట్టాను.

అప్పుడు నేను మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. ఆమె పేరు రుద్రమ్మ, మా నాయనకు అక్క. పెళ్లయిన రెండో ఏడే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా తాత బతికుండగానే తుంగభద్ర ఒడ్డున మూడున్నర ఎకరాల వరి మడి ఆమె పేర రాసిచ్చాడు. మా ఊరు కన్నడ నాట, కంప్లి దగ్గరి ఎమ్మిగనూరు దాటి ఏటి వైపు పోయే దారిలో ఉంటుంది. మా నాయన తిమ్మప్ప అప్పటికే తన పొలం కౌలుకిచ్చి, హొసపేట దగ్గర ఇల్లు తీసుకుని ఇనుప ఖనిజం గనుల్లోకి టిప్పర్లు తిప్పుతున్నాడు. ఆ ఇంట్లో దుమ్ముకు నాకు దగ్గు పట్టుకుని వదలకపోతే, అత్త దగ్గరుండి కంప్లి కాలేజీకి బస్సులో పోయి చదువుకోమని పంపేశారు. అలా డిగ్రీ మూడేళ్లూ ఆమె దగ్గరే గడిచాయి.

దుమ్ము అక్కడా తప్పలేదు, కొంచెం తక్కువ అంతే. ఖనిజం లారీలు రోడ్డు మీద పగలంతా వరస కట్టి పోతుండేవి. తెల్లారి లేచి అత్త చేసే మొదటి పని తడిగుడ్డతో కిటికీ చువ్వలూ, నీళ్ల బిందె మూతా, రేడియో తుడవడం. గుడ్డ పిండితే ఇటుక రంగు నీళ్లు కారేవి. తరవాత పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తట్టేది. ఆ తట్టే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. రొట్టెలోకి పుంటికూర అనే గోంగూర పప్పో, శేంగల పొడో, అంటే వేరుశెనగ పొడో. శనివారం మాత్రం బస్టాండు హోటలు నుంచి బొరుగుల ఉగ్గాణీ, మిరపకాయ బజ్జీ తెప్పించేది. తినేటప్పుడు మాట్లాడేది కాదు. చేతికి ఎప్పుడూ పోయిన మామయ్య గడియారం ఉండేది. అది నడిచిన రోజులు తక్కువ. రైసుమిల్లు కూత విని ముళ్లు సరిచేసుకునేది. పొద్దున ఒకసారి, ఎండ వాలాక ఒకసారి మడికి పోయేది. తిరిగొచ్చిన ఆమె పాదాల నుంచి తడిమన్ను వాసన వచ్చేది. ఒక్కోసారి వరి దంటు ఒకటి తెంచి తెచ్చి, గోటితో చీల్చి, లోపల దాగిన లేత వెన్నును నాకు చూపించేది. నా చదువు గురించి ఆమె అడిగిందీ లేదు, తన సేద్యం గురించి నాకు పాఠం చెప్పిందీ లేదు. అలా చూపించడమే మా ఇద్దరి మధ్య మాట్లాడుకోవడం.

మా నాయన ఆదివారాలు జీపులో వచ్చేవాడు. తెల్ల చొక్కా, కాలరు చుట్టూ ఎర్రటి చార. ఆ రోజుల్లో మా వైపు కొంచెం పొలం ఉన్న ప్రతి ఇంటివాళ్లూ దాన్ని చూపించి అప్పు తెచ్చి లారీ కొన్నారు. మట్టిమిద్దెలు ఉన్న చోట సిమెంటు మేడలు లేచాయి. గని యజమానుల హెలికాప్టర్లు తల మీదుగా పోతే ఊరంతా పైకి చూసేది. అత్త చూసేది కాదు. మా నాయన చెడ్డవాడు కాడు. నాగలి పట్టిన చేత్తో స్టీరింగు పట్టాడు, నాలుగు రాళ్లు కళ్లజూశాడు, మళ్లీ ఎక్కడ పోతాయో అన్న భయంతో గనుల పెద్దవాళ్లు ఏ పని చెప్పినా సరే అనేవాడు.

ఆ ఏడు సంక్రాంతి వెళ్లాక ఏటి ఒడ్డున ఎర్ర జెండాలు పాతారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో నాట్యగాళ్లూ పాటగాళ్లూ వస్తారనీ, మూడు రోజుల ఉత్సవమనీ, వేదిక ఏటి ఒడ్డున ఉంటే వెనక కొండలూ నీళ్లూ టీవీలో బాగా కనిపిస్తాయనీ చెప్పుకున్నారు. మా ఊరి ఆడవాళ్లు దానికి దేశాల జాతర అని పేరు పెట్టారు. జరిపించేది పట్నంలోని ఒక సమితి. డబ్బు పెట్టేది గనుల వాళ్లు. గొడవ అక్కడే మొదలైంది. ఒక పత్రిక జిల్లా పేరు ప్రపంచమంతా మోగుతుందని రాస్తే, ఇంకొకటి కొండల్ని డొల్ల చేసినవాళ్లు డోలు వాయించి పేరు కడుక్కుంటున్నారని రాసింది. తోలుబొమ్మలాట ఆడే మన వాళ్లకు వేదిక ఇవ్వకుండా కార్లు నిలిపే చోట జాగా ఇచ్చారని ఒక రోజు ధర్నా జరిగింది. కాలేజీ బస్సులో ముందు సీట్లవాళ్లు జాతర పక్షం, వెనక సీట్లవాళ్లు విరోధం. నేను మధ్యలో కూర్చుని రెండూ వినేదాన్ని. నాకు విదేశీయుల్ని చూడాలని ఉండేది. అంతకు మించి అభిప్రాయం ఏమీ లేదు.

అత్త మూడున్నర ఎకరాలూ ఆ జెండాల లోపలికి వచ్చాయి. అందులో రెండో కారు పంట, సోనా మసూరి, పొట్ట మీద ఉంది, వెన్ను ఇంకా బయటపడలేదు. మా నాయన ఆదివారం కాని రోజున వచ్చాడు. నేల చదును చేయడానికి కొండ నుంచి ఎర్ర రాళ్లు కలిసిన గరుసు మట్టి తోలే పని అతని టిప్పర్లకు ఇచ్చారని కూర్చోకముందే చెప్పేశాడు.

“మూడు దినాలే అక్కా. ఆమీద నేల ఎట్లుండిందో అట్లే చేసిస్తారు” అన్నాడు.

“పొట్ట మీదుండే పైరు కోసేసి, గరుసు పోసి, రోలర్ తోలినాక అట్లే ఎట్ల చేసిస్తారప్పా?”

“పంటకు పరిహారం ఇస్తాండారు గదా.”

“నేను పంట గురించి అడగలే. నేల గురించి అడుగుతాండా.”

మా నాయన అత్త పెట్టిన కంచం ముందు కూర్చున్నాడు. చుట్టుపక్కల మడుల వాళ్లందరూ సరే అన్నారనీ, నడిమధ్య ఆమెదొక్కటే మిగిలిందనీ, తాను పెద్దవాళ్లకు మాటిచ్చేశాననీ చెప్పాడు. అత్త జవాబు చెప్పలేదు. లేచి అతని కంచంలో ఇంకో రొట్టె వేసింది. అతను దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, అలా అనుకోవడం నాకు సౌకర్యంగా ఉండింది కాబట్టి. ఎందుకంటే ఆ వారంలోనే కాలేజీకి సమితి వాళ్లు వచ్చి, తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడూ వచ్చిన పిల్లల్ని దుభాషులుగా ఎంచుకున్నారు. అందులో నేనున్నాను. కార్డు మెడలో వేసుకుని ఇంటికి వచ్చి అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్క లేదు. అత్త ఆ కార్డును చేతిలోకి తీసుకుని, ఫోటో బాగా వచ్చిందని మాత్రం అంది.

పైరు కోసిన రోజు నాకు బాగా గుర్తు. మిగతా మళ్లలో యంత్రం తిప్పారు. అత్త తన మడిలోకి యంత్రాన్ని రానివ్వలేదు. నలుగురు ఆడవాళ్లను పిలుచుకుని తానే కొడవలి పట్టింది. పండిన వరి కోస్తే వచ్చే పొడి వాసన కాదది. పచ్చి పాల వాసన ఊరంతా కమ్ముకుంది. ఆ మోపులు పశువులకు వేశారు. రెండు రోజులు గొడ్లు కడుపు నిండా తిన్నాయి. మూడో రోజు మా నాయన టిప్పర్లు వచ్చాయి.

ఇంతలో ఎవరో కోర్టుకు పోయారు. ఏటి ఒడ్డు పాడవుతోందని, రైతుల్ని బలవంతపెట్టారని. కోర్టు ముగ్గురిని చూసి రమ్మని పంపింది. వాళ్లలో పెద్దాయన ఉత్తరాది నుంచి వచ్చిన నేలల శాస్త్రవేత్త, తల నెరిసిన మనిషి, మన భాషలు రావు. ఆయన పక్కన నన్ను పెట్టారు. సమితి తరఫున పని చూసే మాళవిక అనే ఆమె నన్ను జీపులో తీసుకుపోతూ, టైము తక్కువుంది, ఊళ్లో వాళ్లు ఆవేశంలో ఎక్కువ మాట్లాడతారు, ప్రతి మాటా చెప్పనక్కర్లేదు, సారాంశం చెప్తే చాలు అంది. ఆమె మీద నాకు ఈనాటికీ కోపం లేదు. నా దగ్గు చూసి తన నీళ్ల సీసా నాకిచ్చేసిన మనిషి. ఆమె చెప్పింది ఆజ్ఞలా కూడా లేదు. పనిలో ఒక మెళకువ నేర్పుతున్నట్టే ఉంది.

మేము పోయేసరికి అత్త మడి సగం గరుసు కింద ఉంది, సగం నల్లగా ఉంది. అప్పటికి ఆపి ఉంటే సగమైనా మిగిలేది. అత్త గట్టు మీద నిలబడి ఉంది. పది అడుగుల అవతల టిప్పరు పక్కన మా నాయన. శాస్త్రవేత్త చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. అది చూసి అత్త ముఖం కొంచెం మెత్తబడింది. ఆయన అడిగింది ఒక్కటే. మీరు ఇష్టపూర్వకంగానే ఈ నేల ఇచ్చారా అని. నేను తెలుగులో అడిగాను.

“లే. నేను ఒప్పుకోలే” అంది అత్త. “నా తమ్ముడు అడిగినాడని ఊరకుండినా. ఊరకుండేదీ ఒప్పుకొనేదీ ఒకటి కాదు. పైరు పోతే మళ్లీ కారుకు వస్తాది. ఈ గరుసు నేల్లోకి దిగిందంటే నా జన్మకు ఏరలేను. ఈ సగమన్నా ఇడ్సిపెట్టమని చెప్పు.”

నేను మా నాయన వైపు చూశాను. అతను నా వైపు చూడటం లేదు. బూటుతో టిప్పరు చక్రాన్ని తడుతున్నాడు. మాళవిక చేతి గడియారం చూసుకుంది. నేను ఇంగ్లీషులో, తమ్ముడు అడిగాడు కాబట్టి ఆమె కాదనలేదు అని చెప్పాను. అంతే. ఆయన పుస్తకంలో రాసుకుని, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అని అడిగించాడు. అత్త నా వైపు తిరిగింది. నన్నే అడిగింది.

“నేను చెప్పింది చెప్పినావా?”

“చెప్పినా అత్తా.”

మర్నాడు మిగతా సగం మీద కూడా గరుసు పోసి రోలరు తోలారు.

ఉత్సవం బాగా జరిగింది. బాగా జరగలేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. మనిషంత ఎత్తు డోళ్లు వాయించేవాళ్లను చూశాను. ముక్కుతో పిల్లనగ్రోవి ఊదే ముసలాయన ఒకడు నా చేత మా ఊరి పేరు పలికించుకుని నేర్చుకున్నాడు. ఏ దేశమో గుర్తులేని అమ్మాయిలు ఇద్దరు నా జడలోని కనకాంబరాలు తీసి తమ జుట్టులో పెట్టుకున్నారు. మూడు రోజులూ నా దగ్గు కూడా నాకు గుర్తు రాలేదు. చివరి సాయంత్రం ఊరి ఆడవాళ్లతో కలిసి అత్త కూడా వచ్చింది. నేను దుభాషుల వరసలో నిలబడి ఆమెను వెతికాను. జనం మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. అందరూ వేదికను చూస్తుంటే ఆమె అరచేత్తో తివాచీ తోసి కింద నేలను తడిమి చూస్తోంది. తన మళ్లలో మూడోది సరిగ్గా ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి చూశానని తరవాత చెప్పింది.

ఉత్సవం అయిపోగానే రేకులు విప్పారు, తీగలు చుట్టారు, లారీలు ఎక్కించారు. గరుసు మాత్రం ఉండిపోయింది. నేల అట్లే చేసిస్తామన్న వాళ్ల ఫోన్లు పలకడం మానేశాయి. మా నాయన వచ్చే వారం తీయిస్తానన్నాడు, ఆ తరవాతి వారం అన్నాడు. అప్పుడు ఖనిజానికి మంచి గిరాకీ ఉంది, ఒక్క టిప్పరూ ఖాళీగా లేదు. అత్త ఎదురుచూడటం మానేసి గంపా, పలుగూ తీసుకుని మడికి పోవడం మొదలుపెట్టింది. పొద్దున ఏరి పోసేది, మధ్యాహ్నం ఏరి పోసేది. సెలవుల్లో నేనూ పోయేదాన్ని. వారం రోజులకు మేము శుభ్రం చేసింది ఒక మంచమంత జాగా.

అలా ఏరుతున్న ఒక రోజు, భోజనం తెచ్చిన మూట విప్పితే పైన చుట్టిన కాగితం ఇంగ్లీషు పత్రిక. కోర్టు బృందం ఇచ్చిన నివేదిక గురించి అందులో ఉంది. నేను చదువుతూ ఉండిపోతే, ఏముంది అందులో అని అత్త అడిగింది. తెలుగులో చెప్పాను. స్థలాల వాళ్లెవరికీ అభ్యంతరం లేదని తేలింది అని రాశారన్నాను.

“ఎవరి మాట అది?” అంది.

“నాది అత్తా. నువ్వు చెప్పింది నేను చెప్పలే.”

ఆమె రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. తినేటప్పుడు మాట్లాడని మనిషి కదా. నమిలి, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కున్నాక అంది.

“ఆ పొద్దే తెల్సు పాపా. నేనంత సేపు చెప్తే నువ్వు రెండు ముక్కల్లో ముగిస్తివి. మీ నాయన ఎదురుగా ఉండాడు, పిల్ల ఏం చెప్తాదిలే అని ఊరకుండినా. మళ్లీ ఊరకుండినా చూడు, నాదీ తప్పే. ఇప్పుడు చెప్తాండా. నేను చెప్పింది చెప్పినట్ల రాసి, ఆ పొద్దు చెప్పులిడ్సి మడిలోకి దిగిన ఆయప్పకు పంపు.”

ఆ మధ్యాహ్నమే నోటు పుస్తకం కాగితం మీద రాశాను. నేనెవరో, గరుసు తోలిన మనిషికి నేనేమవుతానో, ఆ రోజు అత్త ఏమన్నదో తెలుగులో ఒక్కో వాక్యం, దాని కింద ఇంగ్లీషు. ఆమె అన్నదాంట్లో నేను ఏ వాక్యాలు మింగానో కూడా రాశాను. కంప్లి పోస్టాఫీసులో, కోర్టు చిరునామాకు శాస్త్రవేత్త పేర రిజిస్టరు చేశాను. బయటికి వచ్చాక ఊరికి పోయే బస్సు బదులు ఎదురు బస్సు ఎక్కేసి, చాలా దూరం పోయాక చూసుకున్నాను.

వానలు పడకముందు ఆ శాస్త్రవేత్త మళ్లీ వచ్చాడు. అప్పటికి మిగతా మడుల వాళ్లు కూడా గరుసు గురించి అర్జీలు పెట్టారు. ఈసారి కోర్టు వాళ్లు వేరే దుభాషిని తెచ్చుకున్నారు. అత్త అతన్ని వద్దని, ఈ పిల్లే చెప్పాలంది. ఆయన నన్ను ఒకసారి చూసి సరేనన్నాడు. కబురు తెలిసి మా నాయన కూడా వచ్చాడు. అత్త ఒక వాక్యం చెప్పి ఆగేది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాక, ఆయన రాసుకునేదాకా చూసి, అప్పుడు ఆమె రెండో వాక్యం చెప్పేది. అంత నెమ్మదిగా మనిషి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అన్నీ అయ్యాక ఆమె తమ్ముడి వైపు తిరిగి, అతను వింటుండగా నాతో అంది.

“నా తమ్ముడు చెడ్డోడు కాదు. మాటిచ్చేసినాడు. మాట వానిది, నేల నాది. ఇదీ చెప్పు.”

నేను చెప్పాను. మా నాయనకు ఇంగ్లీషు రాదు. కానీ తెలుగులో విన్నాడు కదా. తల దించుకుని జీపెక్కి వెళ్లిపోయాడు.

సమితి తన ఖర్చుతో గరుసు తీయాలని ఉత్తర్వు వచ్చింది. యంత్రం వచ్చి తీసింది కూడా. తీసేటప్పుడు గరుసుతో పాటు జానెడు నల్లమన్ను కూడా గోక్కుపోయింది. అది ఉత్తర్వులో లేదు, అడిగేవాళ్లూ లేరు. అత్త కాలువ పూడిక తీసినప్పుడల్లా ఒండ్రు బండ్లతో తోలించి పోసింది. మూడేళ్లు వరి పలచగా వచ్చింది. నాలుగో ఏడు గట్టు మీద నిలబడితే నేల కనిపించనంతగా వచ్చింది. మా నాయన నాతో రెండేళ్లు మాట్లాడలేదు. గనుల వాళ్లు అతనికి పని తగ్గించారని, దానికి కారణం నా ఉత్తరమేనని మా అమ్మ చెప్పింది. నేను ఇంటికి పోతే అతను జీపు తుడుచుకుంటూ ఉండేవాడు. భోజనానికి రమ్మని మా అమ్మ చేత పిలిపించేవాడు. నా పెళ్లి మాటలప్పుడు మాత్రం, పిల్ల ఏమంటాదో ముందు దాన్నే అడగండి, ఊరకుంటే సరే అన్నట్టు కాదు అన్నాడట. ఆ మాట నేను వినలేదు, అత్త చెప్పింది.

తరవాత గనులు ఆగిపోయాయి. రోడ్డు పక్కన లారీలు వరసగా నిలిచి, వాటి చక్రాల మధ్య గడ్డి మొలిచింది. మా నాయన టిప్పర్లు ఒక్కొక్కటే అమ్మేసి, అమ్మతో సహా ఊరికి తిరిగి వచ్చి, అక్క మడిలోనే పనికి దిగాడు. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. పొద్దున పొయ్యి దగ్గర రొట్టెలు ఎక్కువ తట్టడం మొదలుపెట్టింది.

ఇది సగం రాశాక ఒకసారి ఊరికి పోయి వచ్చాను. అత్తకు ఎనభై దాటాయి. మడికి పోవడం లేదు, ఎవరు పోయి వచ్చినా నీళ్లు ఎంత ఉన్నాయని అడుగుతుంది. అప్పట్లో ఏ చెట్టు ఆకు పట్టుకున్నా వేళ్లకు ఎర్రగా అంటేది. ఇప్పుడు ఆకులు పచ్చగా ఉన్నాయి, నా దగ్గు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. అప్పుడు లేచిన మేడల్లో కొన్నింటికి పై అంతస్తు అలాగే సున్నం లేకుండా నిలిచిపోయింది. ఆ కాలం మంచిదా ఇప్పటిది మంచిదా అంటే నేను తేల్చి చెప్పలేను. చేతిలో డబ్బు ఆడిన కాలం అది. మా నాయన గట్టిగా నవ్వడం నేను విన్నది అప్పుడే. ఇప్పుడు నవ్వు తక్కువ, నిద్ర బాగా పడుతుంది అంటాడు. ఉత్సవాలు ఇప్పుడూ జరుగుతూనే ఉన్నాయి. నేను అనంతపురంలో పాఠాలు చెప్పే పిల్లలు వాటికి దుభాషులుగా పోతామంటే వద్దనను. చెప్పినవాళ్ల వాక్యం ఎంత పొడుగుందో చూసుకోమంటాను.

మడికి పోయేసరికి అప్పుడే దుక్కి అయింది. మా నాయన మూడో మడిలో వంగి ఏదో ఏరుతున్నాడు. దగ్గరకు పోతే పక్కన గంప, గంపలో ఎర్రటి గరుసు రాళ్లు.

“ఇంకా వస్తాండాయా నాయనా?”

“దున్నినప్పుడల్లా లేస్తాయి. తోలింది నేనే గదా” అన్నాడు, తల ఎత్తకుండా.

నేను చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగాను. ఎండ వాలేదాకా ఏరాము. గంప నిండాక చెరో వైపు పట్టుకుని గట్టు మీదికి మోశాము.